మిర్యాలగూడ మిల్లు లెక్కలో మంచు గ్యాస్: ఒక పెట్టుబడి ప్రతిపాదనపై కేస్ స్టడీ

2024 నవంబరు. వానాకాలం వడ్లతో ట్రాక్టర్లు మిర్యాలగూడ మిల్లుల ముందు బారులు తీరిన రోజులు. ఆ సీజన్‌లో మా బావకు అన్నం తినడానికి కూడా తీరిక ఉండదు. అలాంటిది ఒక రాత్రి తొమ్మిదింటికి ఆయనే ఫోన్ చేశాడు. "బామ్మర్ది, రేపు ఒకసారి రారాదు. ఒక కాగితం చూపియ్యాలె. అక్కకు ఇంకా చెప్పలె" అన్నాడు.

అక్కకు చెప్పలేదంటే డబ్బు సంగతే అయి ఉంటుందనుకున్నాను. అదే అయింది. మరునాడు నల్లగొండ నుంచి బస్సులో వెళ్లేసరికి మిల్లు ఆఫీసు గదిలో ఒక రంగుల పుస్తకం ముందు పెట్టుకుని కూర్చున్నాడు. అట్ట మీద అరచేతిలో మంచుగడ్డ, దాని మీద మంట. లోపల 24 పేజీలు. ఉత్తర ధ్రువానికి దగ్గర్లో గడ్డకట్టిన నేల కింద గ్యాస్ హైడ్రేట్లు అంతులేనన్ని ఉన్నాయనీ, అక్కడ ఒక బ్లాకులో తవ్వకాల హక్కులు తమకు రాబోతున్నాయనీ, ఇప్పుడు 40 లక్షలు పెడితే అయిదేళ్లలో నాలుగింతలవుతుందనీ అందులో రాశారు. బావ అప్పటికే 2 లక్షలు అడ్వాన్సు ఇచ్చేశాడు. మిగతాది డిసెంబరు నెలాఖరులోగా కట్టాలి.

నేను 22 ఏళ్లు చమురు, గ్యాస్ బావుల్లో వెల్ టెస్టింగ్ ఇంజనీరుగా పనిచేశాను. బావి తవ్వడం వేరేవాళ్ల పని. తవ్విన బావిలోంచి రోజుకు ఎంత వస్తుంది, ఆ ధార ఎన్నాళ్లు నిలుస్తుంది అని కొలిచి చెప్పడం నా పని. బావ నన్ను పిలిచింది అందుకే. మూడు సాయంత్రాలు కూర్చుని ఆ పుస్తకాన్ని పేజీ పేజీ చూశాం. ఆ పరిశీలన మొత్తం ఇక్కడ రాస్తున్నాను. ఇలాంటి పుస్తకాలు మన జిల్లాల్లో ఇంకా కొందరి టేబుళ్ల మీదికి వచ్చి ఉంటాయని నా అనుమానం.

పుస్తకంలో నిజం ఎంత

హైడ్రేట్ అనేది కట్టుకథ కాదు. అది బావకు మొదటే చెప్పాను. నీళ్లు, మీథేన్ వాయువు చల్లదనంలో, ఒత్తిడిలో కలిసినప్పుడు నీటి అణువులు చిన్న చిన్న పంజరాల్లా అల్లుకుంటాయి. ఒక్కో పంజరంలో ఒక మీథేన్ అణువు చిక్కుకుంటుంది. చూడటానికి మంచులాగే ఉంటుంది, నిప్పు తగిలిస్తే మండుతుంది. ఒక క్యూబిక్ మీటరు హైడ్రేట్ కరిగితే సుమారు 164 క్యూబిక్ మీటర్ల గ్యాస్, 0.8 క్యూబిక్ మీటరు నీళ్లు వస్తాయి. అట్ట మీది బొమ్మ నిజం, లోపలి 164 అంకె కూడా నిజమే.

ఇది కుదరాలంటే సున్నా డిగ్రీల దగ్గర దాదాపు 26 బార్ల ఒత్తిడి కావాలి. మన ట్రాక్టరు వెనక టైరులో ఉండేది ఒకటి రెండు బార్లే. వేడి పెరిగేకొద్దీ కావలసిన ఒత్తిడి చాలా వేగంగా పెరుగుతుంది. బావ వెంటనే అడిగాడు, "మన దిక్కు దొరకదా మరి?" అని. మన నల్లగొండ, పాలమూరు నేలలో కొంచెం లోతుకు పోతేనే 28, 30 డిగ్రీల వెచ్చదనం ఉంటుంది. ఆ వేడిలో హైడ్రేట్ నిలవాలంటే వందల బార్లు కావాలి. పైగా మనది గ్రానైటు రాయి. మీథేన్ పుట్టడానికి కావలసిన మట్టి పొరలే లేవు.

ఈ రెండూ, అంటే చల్లదనమూ ఒత్తిడీ, కలిసి దొరికే చోట్లు ప్రపంచంలో ముఖ్యంగా రెండే. లోతైన సముద్రం అడుగు ఒకటి. పర్మాఫ్రాస్ట్ రెండోది. కనీసం రెండేళ్లు వరసగా సున్నా డిగ్రీలు, లేదా అంతకంటే తక్కువ ఉష్ణోగ్రతలో ఉండే నేలను పర్మాఫ్రాస్ట్ అంటారు. సైబీరియాలో, అలాస్కాలో, ఉత్తర కెనడాలో కొన్నిచోట్ల ఇది వందల మీటర్ల మందం ఉంటుంది. టిబెట్ పీఠభూమి అంచున చైనాలోని చిలియన్ పర్వతాల్లో కూడా 2008లో పర్మాఫ్రాస్ట్ ప్రాంతంలో హైడ్రేట్ నమూనాలు తీశారు. ప్రపంచంలోని హైడ్రేట్లలో నూటికి తొంభై తొమ్మిది పాళ్లు సముద్రాల కిందే ఉన్నాయనీ, పర్మాఫ్రాస్ట్ వాటా ఒక్క శాతం దగ్గరేననీ శాస్త్రవేత్తల అంచనా. ఆ ఒక్క శాతం కూడా చిన్నదేం కాదు. నేల మీద ఉంటుంది కాబట్టి అక్కడికి రిగ్గు తీసుకుపోవడం సముద్రం కంటే సులువు. అందుకే మొదటి పరీక్షలన్నీ అక్కడే జరిగాయి.

ఇక్కడ నా సంగతి ఒకటి చెప్పాలి. హైడ్రేట్‌ను నేను మొదట చూసింది శత్రువుగా. బంగాళాఖాతంలో ఒక లోతైన బావిని పరీక్షిస్తున్నాం. అక్కడ సముద్రం అడుగున నీళ్లు నాలుగైదు డిగ్రీలే ఉంటాయి. బావిని కాసేపు మూసి మళ్లీ తెరిచేసరికి పైపులో గ్యాస్ ఆగిపోయింది. హైడ్రేట్ కట్టకుండా ఆపే మిథనాల్ ద్రవం ఎక్కించడం ఆలస్యమైంది, లోపల హైడ్రేట్ గడ్డ కట్టింది. దాన్ని కరిగించడానికి రెండు రోజులు పట్టింది. ఆ రెండు రోజులు నాకు నిద్ర లేదు. ఎందుకంటే గడ్డకు ఒకవైపే ఒత్తిడి తగ్గిస్తే అది పైపులో తూటాలా దూసుకొస్తుంది. మనుషుల ప్రాణాలు పోతాయి. రెండు వైపులా కొంచెం కొంచెంగా తగ్గించుకుంటూ రావాలి. గ్యాస్ పైపులు మూసుకుపోవడానికి కారణం మంచు కాదు, హైడ్రేటేనని హామర్‌ష్మిట్ అనే ఇంజనీరు 1934లోనే తేల్చాడు. అప్పట్నుంచి మా వృత్తిలో సగం టెన్షన్ దీని గురించే. అందుకే దీన్ని "సులువుగా కరిగి వచ్చే ఇంధనం" అని ఎవరైనా రాస్తే నాకు వెంటనే అనుమానం పుడుతుంది.

తొమ్మిదో పేజీలోని గీత

మొదటి సాయంత్రం ఎక్కువ సేపు తొమ్మిదో పేజీ దగ్గరే గడిచింది. అందులో ఒక బావి లాగ్ ఉంది. బావిలోకి పరికరం దింపి, ఒక్కో లోతులో నేల విద్యుత్తును ఎంత అడ్డుకుంటుందో కొలిచి గీసే గీత అది. మన దగ్గర బోరు వేసే ముందు భూగర్భ నీళ్లు చూసేవాళ్లు నేల మీద రాడ్లు పాతి కొలిచేది కూడా ఇదే గుణాన్ని. పుస్తకంలోని గీత 280 మీటర్ల నుంచి 340 మీటర్ల దాకా కుడివైపుకు బాగా పెరిగి ఉంది. దానికి పసుపు రంగు పులిమి "60 మీటర్ల హైడ్రేట్ పొర" అని రాశారు.

హైడ్రేట్ ఉన్నచోట ఆ గీత నిజంగానే పెరుగుతుంది. కాని మామూలు మంచు ఉన్నా అలాగే పెరుగుతుంది. రెండూ విద్యుత్తును పోనివ్వవు. సాంద్రత చూద్దామా అంటే మంచుది 0.917, మీథేన్ హైడ్రేట్‌ది ఇంచుమించు 0.91. శబ్ద వేగం కొలిచినా రెంటిలోనూ వేగం ఎక్కువే, తేడా కొద్దిగానే ఉంటుంది. గడ్డకట్టిన నేల లోపల ఈ రెంటినీ లాగ్‌తో విడదీయడం మా వృత్తిలో నిజంగా కష్టమైన పని. పర్మాఫ్రాస్ట్ అడుగు దాటాక సులువవుతుంది. అక్కడ సున్నాకు పైన ఉంటుంది కాబట్టి మంచు ఉండదు. విద్యుత్ అడ్డు, శబ్ద వేగం రెండూ కలిసి పెరిగాయంటే అది హైడ్రేటే అని చెప్పవచ్చు. హైడ్రేట్‌గా కట్టని విడి గ్యాస్ అయితే శబ్ద వేగం పడిపోతుంది.

నేను నాలుగు పేజీలు వెనక్కి తిప్పాను. అయిదో పేజీలో వాళ్లే రాశారు, ఆ బ్లాకులో పర్మాఫ్రాస్ట్ 500 మీటర్ల లోతు దాకా ఉందని. అంటే పసుపు పూసిన 60 మీటర్లు మొత్తం గడ్డకట్టిన నేల మధ్యలోనే ఉన్నాయి. శబ్ద వేగం గీత లేదు. తవ్వేటప్పుడు బురద నీళ్లతోపాటు గ్యాస్ బయటపడిందా లేదా అన్న కొలత లేదు. ఆ లోతు నుంచి కోసి తీసిన నేల ముక్క, అంటే కోర్ నమూనా, లేదు. అది హైడ్రేట్ కావచ్చు, వట్టి మంచు కావచ్చు. ఆ ఒక్క గీత చూసి ఎవరూ చెప్పలేరు. నేను అక్కడ పెన్సిలుతో గుండ్రంగా చుట్టి బావకు చూపించాను. ఆయన మిల్లులో వడ్ల తేమ చూడకుండా కాంటా పెట్టడు. "తేమ చూడకుండనే తూకం ఏసిన్రన్న మాట" అన్నాడు. ఆ మాటే సరైనది.

మాలిక్ బావి

రెండో సాయంత్రం పుస్తకం పక్కన పెట్టి, ప్రపంచంలో ఇప్పటిదాకా నిజంగా ఏం జరిగిందో చూశాం. దానికి నేను ఎంచుకున్నది కెనడాలోని మాలిక్. వాయవ్య కెనడాలో మెకెంజీ నది ఆర్కిటిక్ సముద్రంలో కలిసే డెల్టాలో ఉంది ఆ చోటు. పర్మాఫ్రాస్ట్ అక్కడ 600 మీటర్లకు పైనే ఉంటుంది. హైడ్రేట్లు ఆ కిందటి ఇసుక పొరల్లో, సుమారు 890 మీటర్ల నుంచి 1,100 మీటర్ల మధ్య ఉన్నాయి. కొన్ని పొరల్లో ఇసుక రేణువుల మధ్య ఖాళీలో నూటికి ఎనభై పాళ్లు హైడ్రేటే. ఇంత మంచి నిక్షేపాలు ప్రపంచంలో చాలా తక్కువ. అందుకే దీన్ని ఎంచుకున్నాను. ఉన్నవాటిలో మేలైనదాన్ని చూస్తే మిగతావాటికి గరిష్ఠ హద్దు తెలుస్తుంది.

2002లో అక్కడ మొదటి పరీక్ష చేశారు. కెనడా, జపాన్, అమెరికా, జర్మనీలతో పాటు మన దేశ పెట్రోలియం మంత్రిత్వ శాఖ కూడా అందులో భాగస్వామి. వేడి ద్రవాన్ని బావిలోకి తిప్పి హైడ్రేట్‌ను కరిగించారు. అయిదు రోజుల్లో వచ్చిన గ్యాస్ 500 క్యూబిక్ మీటర్లకు అటూ ఇటూ. హైడ్రేట్ కరిగి గ్యాస్ పైకి వస్తుందని రుజువైంది. కాని వేడి చేసి తీయడం గిట్టుబాటు కాదని కూడా అక్కడే తేలింది. వేడి బావి చుట్టూ కొద్ది మేరకే పాకుతుంది, మిగతాదంతా రాయి మింగేస్తుంది.

2007లో దారి మార్చారు. వేడి పెంచే బదులు ఒత్తిడి తగ్గించారు. ఇది చెప్పడానికి నాకు కష్టపడాల్సిన పని లేకపోయింది, బావ మునుగోడు దిక్కు మనిషి, బోరు బావులు తెలిసినవాడు. పది మీటర్ల నీటి నిలువు అంటే సుమారు ఒక బార్ ఒత్తిడి. 1,100 మీటర్ల బావి నిండా నీళ్లుంటే అడుగున 110 బార్లు. సబ్‌మెర్సిబుల్ మోటరుతో నీళ్లు తోడి మట్టాన్ని 650 మీటర్లు కిందికి దించితే అడుగున మిగిలేది 45 బార్లు. హైడ్రేట్ నిలవడానికి ఆ ఒత్తిడి చాలదు. విడిపోయి గ్యాస్, నీళ్లు అవుతుంది. మాలిక్‌లో చేసిన పని ఇదే. మన బోరు మోటరు చేసే పనే, కాని కిలోమీటరు లోతులో.

మన బోర్లలో వచ్చే తిప్పలే అక్కడా వచ్చాయి. ఇసుక లాగింది. ఆ పొరలో ఇసుక రేణువులను పట్టి ఉంచేది హైడ్రేటే. అది కరిగితే ఇసుక వదులై నీళ్లతో పాటు బావిలోకి దిగుతుంది. 2007లో వాళ్లు ఇసుక జల్లెడ పెట్టలేదు. పన్నెండున్నర గంటలు గ్యాస్ వచ్చింది, 830 క్యూబిక్ మీటర్లు. తరువాత ఇసుక వల్ల ఆపేయాల్సి వచ్చింది. 2008 మార్చిలో జల్లెడ దింపి మళ్లీ మొదలుపెట్టారు. ఒత్తిడిని మూడు మెట్లుగా తగ్గిస్తూ 45 బార్ల దగ్గరికి తెచ్చారు. ఈసారి దాదాపు ఆరు రోజులు ఆగకుండా నడిచింది. మొత్తం గ్యాస్ సుమారు 13,000 క్యూబిక్ మీటర్లు. నీళ్లు 100 క్యూబిక్ మీటర్ల లోపే.

ఆ అంకె చదివినప్పుడు ఇప్పటికీ నాకు ఒళ్లు పులకరిస్తుంది. గడ్డకట్టిన నేల కింద, కిలోమీటరు లోతులో, పంజరాల్లో చిక్కుకున్న గ్యాస్‌ను ఒట్టి నీళ్లు తోడి బయటికి రప్పించారు. ఆరు రోజులు ధార తెగలేదు. ఆ పని చేసిన ఇంజనీర్ల మీద నాకు గొప్ప గౌరవం ఉంది. మైనస్ ముప్పైల చలిలో, మంచు రోడ్డు కరిగేలోపు సామానంతా వెనక్కి చేర్చాలన్న తొందరలో చేసిన పని అది. కాని గౌరవం వేరు, 40 లక్షలు వేరు.

ఊకతో పోల్చిన లెక్క

బావ అడిగిన ప్రశ్న చాలా సూటిగా ఉంది. "రోజుకు ఎంత వస్తది? మా బాయిలర్ నడుస్తదా?" నిజానికి పుస్తకం 24 పేజీల్లో ఎక్కడా లేని అంకె అదే. నిక్షేపం ఎంతో ప్రతి పేజీలోనూ ఉంది, రోజువారీ ధార ఎంతో ఒక్క చోటా లేదు.

కాగితం తీసుకుని లెక్క వేశాం. 13,000ను ఆరు రోజుల లోపు సమయంతో భాగిస్తే రోజుకు 2,200 క్యూబిక్ మీటర్ల పైచిలుకు. ఒక క్యూబిక్ మీటరు మీథేన్ మండితే సుమారు 36 మెగాజౌళ్ల వేడి. ఒక కిలో ఊక మండితే 13 నుంచి 14 మెగాజౌళ్లు. ఈ లెక్కన మాలిక్ బావి ఒక రోజు గ్యాస్ ఇంచుమించు 5.8 టన్నుల ఊకతో సమానం.

బావ మిల్లు గంటకు నాలుగు టన్నుల వడ్లు ఆడుతుంది. సీజన్‌లో ఇరవై గంటలు నడిస్తే 80 టన్నులు. అయిదో వంతు ఊక వస్తుందనుకుంటే 16 టన్నులు. ప్రపంచంలోని అతి మేలైన హైడ్రేట్ బావుల్లో ఒకటి, కిలోమీటరుకు పైగా లోతు తవ్వి, మూడు శీతాకాలాల ప్రయత్నం తరువాత ఇచ్చిన రోజువారీ వేడి, బావ మిల్లు వెనక కుప్పగా పడే ఊకలో మూడో వంతుకు కొంచెం పైన. ఆయన కిటికీలోంచి ఆ ఊక కుప్ప వైపు చాలాసేపు చూశాడు, ఏమీ అనలేదు.

ఇదే గ్యాస్‌తో కరెంటు తీస్తే? నూటికి 36 పాళ్లు కరెంటుగా మారుతుందనుకున్నాం. రోజుకు 7,900 యూనిట్ల దాకా. ఇరవై నాలుగు గంటలు నడిచే అయిదు హెచ్‌పీ మోటర్లు 70 పైచిలుకు. మా ఊళ్లో ఒక చెరువు కింద ఉన్న మోటర్లు అంతకంటే ఎక్కువ.

కరిగించడానికి పోయే వేడి లెక్క కూడా వేశాను, ఎందుకంటే చాలామంది ఇక్కడ పొరపడతారు. రోజుకు 2,200 క్యూబిక్ మీటర్ల గ్యాస్ విడుదల కావడానికి హైడ్రేట్ పీల్చుకునే వేడి సుమారు 5 గిగాజౌళ్లు. ఆ గ్యాస్ మండితే వచ్చేది 79 గిగాజౌళ్లు. అంటే నూటికి ఆరేడు పాళ్లే ఖర్చు. కాగితం మీద ఇది గొప్ప లాభం. చిక్కు ఆ వేడి ఎక్కడిదన్నదే. ఒత్తిడి తగ్గించే పద్ధతిలో ఆ వేడిని చుట్టుపక్కల ఇసుక, మట్టి ఇవ్వాలి. రాతిలో వేడి చాలా నిదానంగా పాకుతుంది. కరిగేకొద్దీ పొర చల్లబడుతుంది, చల్లబడేకొద్దీ కరగడం నెమ్మదిస్తుంది. ఒత్తిడిని ఇంకా తగ్గిస్తే ఉష్ణోగ్రత సున్నాకు పడి, విడిపోయిన నీళ్లే మళ్లీ మంచుగా మారి ఇసుకలోని దారులు మూసేస్తాయి. ధారకు అసలు హద్దు అక్కడుంది. నిక్షేపం ఎంత పెద్దదైనా ఆ హద్దు మారదు.

ఇక పుస్తకంలో పెద్ద అక్షరాలతో వేసిన అలాస్కా అంకె. అమెరికా భూగర్భ సర్వే సంస్థ 2008లో అలాస్కా ఉత్తర వాలులో సాంకేతికంగా తీయగల హైడ్రేట్ గ్యాస్ 85 ట్రిలియన్ (ట్రిలియన్ అంటే లక్ష కోట్లు) ఘనపుటడుగులని అంచనా వేసింది. 2019లో కొత్త సమాచారంతో దాన్ని 54కు దగ్గరగా తగ్గించింది. పుస్తకంలో పాత అంకే ఉంది. అది కావాలని చేశారో, తెలియక చేశారో, నేను తీర్పు చెప్పను. కొత్త అంకె కూడా తక్కువేం కాదు. మన దేశం ఇప్పుడు వాడే గ్యాస్ ఇరవై ఏళ్లకు పైగా సరిపోతుంది. కాని మాలిక్ ధారతో ముప్పై ఏళ్లలో దాన్ని తోడాలంటే ఎన్ని బావులు కావాలో లెక్క వేయండి. నాకు వచ్చింది 63,000. అన్ని బావులు, అన్ని మోటర్లు, అన్ని జల్లెడలు, చెట్టు కూడా మొలవని ఆ నేల మీద.

ఈ లెక్కలో అన్యాయం కూడా ఉంది, అది బావకు చెప్పాను. ఆరు రోజుల పరీక్షతో హైడ్రేట్ బావిని పూర్తిగా తూచలేం. మామూలు గ్యాస్ బావిలో ధార మొదట్లో ఎక్కువగా ఉండి తగ్గుతూ వస్తుంది. హైడ్రేట్ బావిలో, కంప్యూటర్ నమూనాల ప్రకారం, కరిగే అంచు విస్తరించేకొద్దీ ధార మొదట నెమ్మదిగా పెరగవచ్చు. అడ్డంగా తవ్విన బావులు ఇంకా ఎక్కువ ఇవ్వవచ్చు. సముద్రంలో అది కొంత కనిపించింది కూడా. దక్షిణ చైనా సముద్రంలో 2020లో అడ్డ బావితో 30 రోజుల్లో 8,61,400 క్యూబిక్ మీటర్లు తీశామని చైనా ప్రకటించింది. అంటే రోజుకు 28,000 పైన, మాలిక్‌కు దాదాపు పదమూడింతలు. అయినా మామూలు మంచి గ్యాస్ బావి రోజుకు లక్షల క్యూబిక్ మీటర్లు ఇస్తుంది. హైడ్రేట్ ఇంకా ఆ గీతకు చేరలేదు.

అలాస్కాలో మిగతా ప్రయత్నాలు

మూడో సాయంత్రం వీటిని కొంచెం త్వరగా చూశాం. 2012లో ప్రుడో బే చమురు క్షేత్రం దగ్గర ఇగ్నిక్ సికుమి అనే బావి మీద ఒక కొత్త ఆలోచన ప్రయత్నించారు. ఆ పేరుకు అక్కడి ఇనుపియాక్ ప్రజల భాషలో మంచులో నిప్పు అని అర్థం. కార్బన్ డయాక్సైడ్‌ను లోపలికి పంపితే అది పంజరాల్లో దూరి మీథేన్‌ను బయటికి నెడుతుందని ఆశ. ఒకవైపు ఇంధనం, మరోవైపు పొగ వాయువును భూమిలో దాచడం. ఒట్టి కార్బన్ డయాక్సైడ్ పంపితే పొరలోని నీళ్లతో వెంటనే గడ్డకట్టి దారి మూస్తుంది కాబట్టి నాలుగింట మూడు వంతులకు పైగా నైట్రోజన్ కలిపి పంపారు. తరువాత ఒత్తిడి తగ్గించి సుమారు నెల రోజులు గ్యాస్ తీశారు. మార్పిడి జరుగుతుందని తేలింది. అయితే చివరి రోజుల్లో బాగా వచ్చిన గ్యాస్ ఎక్కువగా ఒత్తిడి తగ్గించడం వల్లే. ఆ ఆలోచన నాకు ఇష్టం, దాని మీద ఇంకా పని జరగాలి.

తరువాత అదే ప్రాంతంలో అమెరికా ఇంధన శాఖ, జపాన్ ప్రభుత్వ సంస్థ జోగ్‌మెక్, భూగర్భ సర్వే సంస్థ కలిసి 2018లో ఒక బావి తవ్వి పొరలు ఖాయం చేసుకున్నాయి. 2023లో మొదలుపెట్టి 2024 వేసవి దాకా దాదాపు పది నెలలు ఉత్పత్తి పరీక్ష చేశాయి. పర్మాఫ్రాస్ట్ హైడ్రేట్ మీద ఇంత పొడవైన పరీక్ష అంతకు ముందు జరగలేదు. మా వృత్తిలో ఎదురుచూడాల్సింది దీన్నే.

పుస్తకంలో సైబీరియాలోని మెస్సోయాఖా క్షేత్రాన్ని "యాభై ఏళ్లుగా హైడ్రేట్ గ్యాస్ ఇస్తున్న క్షేత్రం" అని రాశారు. మెస్సోయాఖా 1967లో బయటపడింది, కొద్దికాలంలోనే గ్యాస్ తీయడం మొదలైంది. కాని అక్కడ హైడ్రేట్ పొర కింద విడి గ్యాస్ ఉంది. బయటికి వచ్చినదాంట్లో హైడ్రేట్ వాటా ఎంతన్న దాని మీద నిపుణుల మధ్య దశాబ్దాలుగా వాదన నడుస్తోంది. దాన్ని రుజువుగా చూపడం సరికాదు.

గ్యాస్ బయటికి వచ్చినా అమ్మాలి కదా. ఇది బావకు నాకంటే బాగా తెలుసు. సాగర్ ఎడమ కాలువ కింద వడ్లు పండినా మిల్లు, రైలు, గిరాకీ లేకపోతే ఏం ఉపయోగం? మెకెంజీ లోయ నుంచి దక్షిణానికి గ్యాస్ తెచ్చే పైపులైను పథకాన్ని దశాబ్దాలు నడిపి 2017 చివర్లో వదిలేశారు. ప్రుడో బేలో చమురుతో పాటు వచ్చే మామూలు గ్యాసే బయటికి తెచ్చే పైపులైను లేక మళ్లీ భూమిలోకి ఎక్కిస్తున్నారు. సులువుగా వచ్చే గ్యాసే అమ్ముడుపోని చోట, కష్టంగా వచ్చే గ్యాస్‌ను ముందు ఎవరు కొంటారు? హైడ్రేట్ నిపుణులు బోస్వెల్, కొలెట్ వనరులను పిరమిడ్ బొమ్మగా గీస్తారు. పైన చిన్న ముక్కగా ఉండేది ఇప్పటికే రోడ్లు, పైపులు ఉన్న ఆర్కిటిక్ ఇసుక పొరలు. అన్నిటికంటే అడుగున, అన్నిటికంటే పెద్దగా ఉండేది సముద్రపు బంక మట్టిలో చెదిరిన హైడ్రేట్. పుస్తకమేమో పిరమిడ్ అడుగున ఉన్న పరిమాణం చూపి, పిరమిడ్ పైన ఉన్న సులువును వాగ్దానం చేస్తోంది. ఈ పేజీ మీద నాకు నిజంగా కోపం వచ్చింది.

ఇంకొక భయం బావ మనసులో ఉంది. టీవీలో చూశాడట, మంచు నేల కరిగి మీథేన్ ఎగిసి భూమి కాలిపోతుందని. వందేళ్ల లెక్కలో మీథేన్ కార్బన్ డయాక్సైడ్ కంటే దాదాపు 28 రెట్లు, ఇరవై ఏళ్ల లెక్కలో 80 రెట్లకు పైగా వేడిని పట్టి ఉంచుతుంది. బావి దగ్గర లీకులు రాకుండా చూడటం అందుకే ప్రాణం లాంటిది. అయితే పర్మాఫ్రాస్ట్ కింద వందల మీటర్ల లోతులో ఉన్న హైడ్రేట్‌కు పైన వేడెక్కిన సంగతి చేరడానికి శతాబ్దాలు పడుతుంది. ఇప్పుడు గాలిలో పెరుగుతున్న మీథేన్‌లో హైడ్రేట్ల వాటా గట్టిగా కనబడటం లేదని ఎక్కువ మంది పరిశోధకుల అభిప్రాయం. పైపొరలో కుళ్లుతున్న పాత మొక్కల మట్టి అంతకంటే దగ్గరి ముప్పు.

"మరి మన దేశంల?" అని బావ అడిగినప్పుడు నాకు సంతోషం వేసింది. డబ్బు ప్రశ్న దాటి ఆయన సంగతిలోకి వచ్చాడు. మన హైడ్రేట్లు సముద్రంలో ఉన్నాయి. 2006లో జాయిడెస్ రిజల్యూషన్ అనే నౌక, 2015లో జపాన్ నౌక చిక్యు కృష్ణా గోదావరి బేసిన్‌లో తవ్వి చూశాయి. 2006లో ఒకచోట 130 మీటర్ల మందం పొర దొరికింది, కాని అక్కడ హైడ్రేట్ బంక మట్టి పగుళ్లలో నిండి ఉంది. 2015లో ఇసుక పొరల్లో దొరికింది, అది మేలు. హైదరాబాద్‌లోని ఎన్‌జీఆర్‌ఐ (జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ) శాస్త్రవేత్తలు నేలలోకి పంపిన తరంగాల (సీస్మిక్) రికార్డుల్లో ఇలాంటి పొరల జాడలు వెతకడంలో ఏళ్లుగా పనిచేస్తున్నారు. ఆ ఇసుకలో కృష్ణమ్మ మోసుకుపోయిన మట్టి కూడా ఉంది. ఇది చెప్పగానే బావ సాగర్ వైపు చెయ్యి చూపి "ఈడ నుంచి పోయిందేనా?" అన్నాడు. ఆనకట్ట కట్టకముందు వేల ఏళ్లు పోయిందే అన్నాను.

నేను ఇచ్చిన అభిప్రాయం

మూడో రాత్రి ఒక పేజీ మీద రాసి సంతకం చేసి ఇచ్చాను. బంధువుగా కాక, వృత్తి మనిషిగా. నేను రాసింది ఇంతే: ప్రతిపాదనలోని లాగ్ హైడ్రేట్‌ను రుజువు చేయదు, వనరు అంచనా పాతది, రోజువారీ ధార ఏ పేజీలోనూ లేదు, అమ్మే దారి లేదు, హక్కులు ఇంకా చేతికి రాలేదు. ఈ స్థితిలో పెట్టుబడి పెట్టవద్దు.

బావ మిగతా 38 లక్షలు కట్టలేదు. అడ్వాన్సు 2 లక్షలు ఇంకా తిరిగి రాలేదు. పుస్తకం తెచ్చిన మనిషి మొదట "వారంలో పంపిస్తం" అన్నాడు, తరువాత ఫోన్ ఎత్తడం మానేశాడు. నేను ఆ పేజీ ఇచ్చిన రాత్రే బావ అక్కకు చెప్పాడు. అక్క పెద్దగా ఏమీ అనలేదు. "ముందే తమ్ముడిని పిలిస్తే ఆ రెండు లక్షలు కూడ ఉండేటియి కదా" అంది. డబ్బు ఇచ్చిన రసీదు, పుస్తకం, నా పేజీ అన్నీ ఒక ఫైలులో పెట్టి వకీలు దగ్గర ఇచ్చాం.

బయలుదేరేముందు బావ అడిగాడు, "రేపు నిజంగనే మంచి కంపెనీ వస్తే, నువ్వు ఏం చూసి ఒప్పుకుంటవు?" అని. మూడు అంకెలు చెప్పాను. ఒక్క బావి నుంచి కనీసం ఏడాది పాటు తెగకుండా వచ్చిన రోజువారీ ధార. ప్రతి వెయ్యి క్యూబిక్ మీటర్ల గ్యాస్‌తో పైకి వచ్చిన నీళ్లు, ఇసుక. ఆ గ్యాస్‌ను ఎవరు, ఏ పైపు ద్వారా, ఏ ధరకు కొనడానికి సంతకం చేశారన్నది. ఆయన మిల్లు డైరీలో ఆ రోజు వడ్ల రేటు రాసిన పేజీ కిందే ఆ మూడూ రాసుకున్నాడు. అలాస్కా పది నెలల పరీక్ష పూర్తి లెక్కలు చేతికి వచ్చాక ఆ పేజీ తీసి మళ్లీ కూర్చుందామని అనుకున్నాం.